సమితి గారు పెట్టని భోజనం

తడి సున్నం వాసన తగిలితే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే ఆకలేస్తుంది. మొన్న తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వస్తూ గుండుగొలను దాటాక టీ కోసం కారు ఆపించాను. దిగీ దిగగానే అదే వాసన. హైవే మీంచి కొల్లేరు వైపు దిగే చిన్న రోడ్డుకి అటూ ఇటూ ఇద్దరు మనుషులు రేకు డబ్బాలతో సున్నం గీతలు పోసుకుంటూ పోతున్నారు. వాళ్ళ వెనకాల ట్రాక్టరు తొట్టిలోంచి కంకర దించి గోతులు పూడుస్తున్నారు. కరెంటు స్తంభాలకి రంగు కాగితాల తోరణాలు. దగ్గరుండి పని చేయిస్తున్న పెద్దావిడ ఆ లోపలి ఊరి సర్పంచి గారట. ఏంటండీ విశేషం అని అడిగాను.

"రేపు మంత్రిగారు వస్తున్నారండి. మా రోడ్డు ఎంత పాడైపోయిందో స్వయంగా చూస్తానన్నారండి" అంది ఆవిడ సంబరంగా.

"పాడైందని చూపించడానికి పిలిచి, పూడ్చేస్తున్నారేంటండీ?"

"అయ్యో, బలేవారే! అంత పెద్దాయన్ని గోతుల్లో నడిపిస్తామా అండీ? రేపు మా ఊరి మర్యాదేం కానూ?"

రిటైరైన రోడ్ల ఇంజనీరుని, నోరు ఊరుకోదు. కనీసం ఆ కల్వర్టు దగ్గర గొయ్యి ఒక్కటైనా వదిలెయ్యమన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఎండకి తల తిరిగిందనుకుందో ఏమో, కుర్చీ తెప్పించి వేసింది, ఇంకో టీ ఇప్పించింది. నేను టీ తాగే లోపల ఆ గొయ్యి కూడా పూడిపోయింది.

నేనెందుకలా అన్నానో ఆవిడకి చెప్పాలంటే సమితి గారి గురించి చెప్పాలి. అప్పుడు టైము లేకపోయింది. అందుకని ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను.

ఆయన పేరు వెంకటరత్నం. పంచాయతీ సమితులున్న రోజుల్లో సమితి ప్రెసిడెంటుగా చేశారు. తర్వాత సమితులే లేకుండా పోయాయి. ఆయన పదవీ పోయింది. జనం నోట్లో మాత్రం ఆయన చివరిదాకా సమితి గారే. తెల్లటి ఖద్దరు పంచె, చంకలో నల్ల గొడుగు, ఎదురొచ్చిన ప్రతి మనిషికీ వయసుతో పని లేకుండా ఒక నమస్కారం. ఆయనది నడిమిలంక. పెదపాడు దాటి దక్షిణంగా పోతే రోడ్డు చేపల చెరువుల గట్ల మధ్యకి దిగి, కొల్లేట్లోకి పారే ఒక ఏటిపాయ ఒడ్డున ఆగిపోయేది. పాయకి అవతల నడిమిలంక. వేసవిలో బల్లకట్టు మీద దాటేవారు. వానలు పడి పాయ పొంగితే బల్లకట్టు కట్టేసేవారు, గుండె ధైర్యం ఉన్నవాళ్ళు తాటి దోనెలో దాటేవారు, లేనివాళ్ళు ఇంట్లో కూర్చునేవారు. హైస్కూలు ఇవతల ఒడ్డున ఉంది. దాంతో ఆ ఊళ్ళో ఆడపిల్లల చదువు ఐదో తరగతితో సరి.

సమితి గారిది పెద్ద కలలు చూసిన తరం. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత, మీసాలు మొలుస్తున్న వయసులో, కృష్ణ మీద పెద్ద ఆనకట్ట కడుతున్నారని విని చూడ్డానికి వెళ్ళి, కొన్ని నెలలు అక్కడే ఉండిపోయారు. ఆడా మగా రాళ్ళు నెత్తిన పెట్టుకుని చీమల బారులా పైకి ఎక్కడం, ఢిల్లీ నుంచి వచ్చిన నాయకుడు ఎండలో నిలబడి ఆ కూలీలతో మాట్లాడటం కళ్ళారా చూశారు. ఆయన ఇంటి ముందుగదిలో దేవుడి పటాల వరసలోనే ఆ ఆనకట్ట ఫోటో, ఆ కాలపు నాయకుల ఫోటోలు ఉండేవి. ఆయన భార్య సుభద్రమ్మ గారు పొద్దున్నే దేవుళ్ళకి పూలు పెడుతూ ఆనకట్టకీ ఒక మందారం పెట్టేవారు. "ఈయనకి అది కూడా దేవుడేనమ్మా. నాకెందుకొచ్చిన గొడవ, ఒక పువ్వేగా" అనేవారు.

నేను ఏలూరులో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన కొత్తలో ఆయన్ని కలిశాను. మాది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్టు. మా ఇంట్లో ఎవరికీ ఎదురు మాట చెప్పే అలవాటు లేదు. కొట్టుకి వచ్చిన మనిషి మొహం చిన్నబుచ్చుకోకూడదన్నది మా నాన్నగారు మాకు నేర్పిన మొదటి పాఠం. ఆ పాఠంతోనే ఉద్యోగానికొచ్చాను. కాంట్రాక్టరు పలచగా వేసిన తారు చూసి కూడా "బాగానే ఉందిలెండి" అనేసి, ఇంటికెళ్ళి ఏడ్చిన రోజులున్నాయి. మా ఆఫీసులో ఆడ ఇంజనీరు అంటే అందరికీ వింత. సమితి గారు ఒక్కరే వింతగా చూడలేదు. నడిమిలంక వంతెన గురించి అడగడానికి వారం వారం వచ్చి, నా బల్ల ముందు కూర్చుని, "ఇంజనీరమ్మ గారూ, ఈ పని మీ చేతుల మీదుగా అవుతుందండి" అనేవారు. ఆ మాట నాకు ఎంత బలమిచ్చిందో ఆయనకి తెలియదు.

వయసులో ఉన్నాను, కాస్త దుడుకు. ఒకసారి అడిగేశాను. "మీ గోడ మీదున్న పెద్దలంతా ఆనకట్టలు కట్టారు, ఉక్కు ఫ్యాక్టరీలు పెట్టారు. మీ ఏటిపాయ ఒక్కళ్ళకీ కనబడలేదేమండీ?"

ఆయనకి కోపం రాలేదు. "ఢిల్లీలో కూర్చున్నాయనకి మన పాయ ఎలా కనబడుతుందమ్మా? మనం చూపించాలి. కట్టడం వాళ్ళ పని, చూపించడం మన పని. చూపించడం మనకి చేతకాకపోతే వాళ్ళనేం అంటాం?" అన్నారు.

చూపించడమే ఆయనకి చేతకాలేదు. మా గోదావరి జిల్లాల వాళ్ళకి పుట్టుకతో వచ్చే జబ్బు ఒకటుంది, మొహమాటం. ఆయనకి అది ముదిరిన కేసు. ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ రోడ్లు వేయించారు, కల్వర్టులు కట్టించారు. సొంత ఊరికి వేసుకుంటే జనం ఏమనుకుంటారోనని నడిమిలంక పని వెనక్కి జరుపుతూ పోయారు. జరుపుతుండగానే పదవి పోయింది. ఆయన కూతురు లక్ష్మి చదువు ఐదుతో ఆగింది. క్లాసులో మొదటి పిల్లట. ఒకరోజు వాళ్ళ పెరట్లో చేపలు తోముతూ నాతో అంది. "నాన్నగారు అందరూళ్ళకీ వేశారండి. మా ఊరి దగ్గరికొచ్చేసరికి ఆయనకి సిగ్గేసిందండి." ఆ మాటలో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది. అప్పటికి లక్ష్మి కూతురు పద్మ ఐదు పూర్తి చేసి, హైస్కూలుకి వెళ్తానని పేచీ పెట్టి ఆరులో చేరింది. పాయ నెమ్మదిగా ఉన్న రోజుల్లో వెళ్ళేది. వానలొస్తే సగం రోజులు ఆగిపోయేది. ఇంకో రెండు వానాకాలాలు ఇలాగే గడిస్తే మాన్పించేద్దాం అని ఇంట్లో అనుకోవడం మొదలైంది. సమితి గారికి వంతెనంటే ఇక పద్మే.

అలాంటి సమయంలో ఢిల్లీ నుంచి ఒక మంత్రిగారు వస్తున్నారని తెలిసింది. హైవేని నాలుగు వరసలు చెయ్యడానికి శంకుస్థాపన. సమితి గారు పాత పార్టీ మిత్రులందర్నీ పట్టుకుని, ఆ దారిలో ఒక్క పూట నడిమిలంక వచ్చి మా కష్టం చూడండి అని ఒప్పించారు. ఆ వారం నడిమిలంకలో జరిగిన హడావిడి పెళ్ళింటి హడావిడికి తక్కువేం కాదు. రేవుదాకా ఉన్న గోతుల్లో కంకర పోసి, మీద బుసక ఇసుక చల్లి, రోడ్డు రోలరు లేకపోతే చేపల ట్రాక్టర్లే అటూ ఇటూ తిప్పి నునుపు చేశారు. సున్నం గీతలు పోశారు. బల్లకట్టుకి అరటి బోదెలు కట్టి, మామిడి తోరణాలు వేసి, మీద తివాచీ పరిచి, సమితి గారింట్లోంచి సోఫా మోయించుకొచ్చి దానిమీద వేశారు. అంతా ఆయనే దగ్గరుండి చేయించారు. ఎంత బాగుందో అని నేనూ అనుకున్నాను. ఇందులో తిరకాసు ఉందన్న ఆలోచన మాలో ఒక్కళ్ళకీ రాలేదంటే నమ్మండి.

మంత్రిగారు సోఫాలో కూర్చున్నారు. బల్లకట్టు మెల్లగా కదిలింది. చలికాలం పొద్దు, పాయ అద్దంలా ఉంది, దూరంగా తెల్ల కొంగలు, పైన నీరెండ. ఆయన గుండెల నిండా గాలి పీల్చుకుని, పక్కనున్న అధికారితో ఏదో అన్నారు. ఆ అధికారి మాకు తెలుగులో చెప్పాడు. "ఇంత హాయైన ప్రయాణం ఈ మధ్య చెయ్యలేదంటున్నారు. ఇక్కడ సిమెంటు వంతెన కడితే ఈ అందమంతా పోతుందంటున్నారు."

అవతల ఒడ్డున భోజనాలు. కొర్రమీను పులుసు, రొయ్యల వేపుడు, గోంగూర, పూర్ణాలు. సుభద్రమ్మ గారి చేతి పులుసంటే ఏలూరుదాకా పేరు. మంత్రిగారు రెండోసారి వడ్డించుకున్నారు. చెయ్యి కడుక్కుని సమితి గారి భుజం మీద చెయ్యి వేసి, ఏమైనా ఇబ్బంది ఉందా పెద్దాయనా అని అడిగించారు. ఊరంతా ఊపిరి బిగబట్టింది. సమితి గారు రెండు చేతులూ జోడించారు.

"అబ్బే, ఏం లేదండి. తమరు వచ్చారు, అదే చాలండి."

కార్లు వెళ్ళిపోయాయి. ఊళ్ళో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. పద్మ మాత్రం తాతగారి పంచె పట్టుకుని అడిగింది. "ఇబ్బంది ఏం లేదన్నావేం తాతయ్యా? మరి నేను బళ్ళోకి ఎలా వెళ్ళను?" ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. కొన్నాళ్ళకి రేవులో పర్యాటకుల పడవల రేవు అని ఒక రంగు బోర్డు వెలిసింది. పర్యాటకులు రాలేదు. బోర్డు మీద బట్టలు ఆరేసుకునేవారు.

తర్వాత ఆయన చాలా రోజులు ఆఫీసుకి రాలేదు. వానలు మొదలయ్యాక ఒకరోజు తడిసి ముద్దై వచ్చారు. గొడుగు చంకలోనే ఉంది, విప్పలేదు.

"ఇంజనీరమ్మ గారూ, మీ ఎస్.ఈ. గారిని ఒక్కసారి మా ఊరు తీసుకురావాలండి. రేపే. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దండి."

ఎస్.ఈ. సూర్యనారాయణ గారంటే మా శాఖలో జిల్లాకంతటికీ పెద్దాయన. ముక్కుసూటి మనిషి, ముక్కు మీద కోపం. "ఇంత వానలోనా అండీ? పోనీ భోజనం వేళకి..." అన్నాను.

"భోజనం లేదండి" అన్నారు.

నాకు భయం వేసింది. ఆ ఇంటికి వెళ్ళి భోజనం చెయ్యకుండా తిరిగొచ్చిన మనిషి లేడు. పోస్టుమాన్‌ని కూడా కూర్చోబెట్టి పెట్టేవారు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. అయినా ఎస్.ఈ. గారి దగ్గరికి వెళ్ళి, నా జీవితంలో మొదటిసారి నసగకుండా అడిగాను. "సర్, వానలోనే చూడాలి సర్. ఎండలో చూస్తే ఆ ఊరు కనబడదు సర్." ఆయన కళ్ళజోడు పైనుంచి నన్నొకసారి చూసి, జీపు తీయించమన్నారు.

గోతులు గోతుల్లానే ఉన్నాయి. జీపు సగం దారిలో దిగబడిపోతే మిగతా సగం బురదలో నడిచాం. రేవులో సమితి గారు ఒంటరిగా నిలబడి ఉన్నారు. తోరణం లేదు, కుర్చీ లేదు. పాయ ఎర్రగా పొంగి సుడులు తిరుగుతోంది. బల్లకట్టు అవతల కట్టేసి ఉంది. దోనె ఎప్పుడు వస్తుందని ఎస్.ఈ. గారు అడిగారు. "చెప్పలేనండి. వచ్చినప్పుడే రావడం" అన్నారు సమితి గారు. నిలబడ్డాం. మధ్యాహ్నం అయింది, మధ్యాహ్నం దాటింది. బడి వదిలిపెట్టాక పద్మా, ఇంకో ఇద్దరు పిల్లలూ ఎరువుల సంచులు నెత్తిన కప్పుకుని వచ్చి మా పక్కనే నిలబడ్డారు. వణుకుతున్నారు. రోజూ ఇంతేనా అమ్మా అని ఎస్.ఈ. గారు అడిగితే పద్మ అంది. "దోనె వస్తే ఇంటికండి. రాకపోతే ఈ ఊళ్ళో మాస్టారింట్లో పడుకుంటామండి. వరద తియ్యకపోతే ఇక బడి ఉండదండి."

చివరికి దోనె వచ్చింది. పిల్లలతో పాటే ఎక్కాం. నడి పాయలో అది ఒక పక్కకి ఒరిగినప్పుడు ఎస్.ఈ. గారు పద్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ పిల్లకి ధైర్యం చెప్పడానికో, ఆయనకి ధైర్యం కావాలో నాకు తెలియలేదు.

ఇంటికి చేరాం. వరండాలో కూర్చున్నాం. వంటింట్లోంచి పులుసు వాసన వస్తోంది. వద్దన్నా వినకుండా సుభద్రమ్మ గారు వండారు. మాకు పేగులు మెలిపడిపోతున్నాయి. సమితి గారు మంచినీళ్ళు ఇచ్చారు, అంతే. ఎదురుగా నిలబడ్డారు. గుమ్మం వెనక నుంచి ఆవిడ ఏడుపు గొంతు వినిపించింది. "ఇంటికొచ్చిన మనిషిని ఆకలితో పంపిస్తారేంటండీ? మీకేమైనా మతి పోయిందా? విస్తళ్ళు వేసేశానండీ."

"ఉండవే" అన్నారాయన. తర్వాత ఎస్.ఈ. గారి వైపు తిరిగారు. "అయ్యా, మీకు భోజనం పెట్టనండి. పెడితే మీరు తృప్తిగా వెళ్ళిపోతారు. మొన్న మంత్రిగారూ అలాగే వెళ్ళారు. ఇబ్బంది ఉందా అని ఆయన అడిగితే ఏం లేదన్నానండి నేను. అబద్ధం చెప్పానండి. ఇబ్బంది ఉందండి. చాలా ఉందండి. నా కూతురు చదువు నా మొహమాటానికి పోయింది. ఈ పిల్లది పోనివ్వను. వంతెన అయ్యాక పిలుస్తాను, కడుపు నిండా పెడతాను. ఇవాళ మాత్రం ఆకలితోనే వెళ్ళండి."

కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోను కూడా లేదాయన. గోదావరి జిల్లాలో పుట్టిన మనిషికి ఆ మాటలు అనడం ఎంత కష్టమో బయటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. ఎస్.ఈ. గారు లేచి, బురద చెప్పులు వేసుకుంటూ అన్నారు.

"నా సర్వీసు మొత్తంలో నన్ను ఆకలితో పంపిన ఊరు ఇదొక్కటేనండి వెంకటరత్నం గారూ."

"గుర్తుంటుందనేనండి" అన్నారు సమితి గారు.

గుర్తుంది. మర్నాడే సర్వే మొదలుపెట్టించారు. హైవేకి కలిసే రోడ్ల పనుల్లో నడిమిలంక వంతెన చేరింది. చేరినంత తేలిగ్గా పూర్తి కాలేదు. కొల్లేటి మెత్తటి మట్టిలో పునాదులు దిగబడటం, కాంట్రాక్టరు మారడం, ప్రభుత్వం మారడం, అన్నీ అయ్యాయి. ఎస్.ఈ. గారు మధ్యలోనే రిటైరై గూడెంలో స్థిరపడ్డారు. పని నా మీద పడింది. వేసిన కాంక్రీటు బాగాలేకపోతే బాగాలేదని కాంట్రాక్టరు మొహం మీదే చెప్పి, మళ్ళీ వేయించాను. అరవై దాటిన ఆ మనిషి మారగలిగితే నాకేం రోగం అనుకునేదాన్ని. పద్మ ఆ ఏళ్ళన్నీ దోనెలోనే బడికి వెళ్ళింది. ఎవరూ మాన్పించలేదు. వంతెన తెరిచేనాటికి పదో తరగతి.

ప్రారంభోత్సవానికి పెద్దలొచ్చారు. రాతి ఫలకం మీద చాలా పేర్లున్నాయి, సమితి గారి పేరు లేదు. అది ఆయన చూసుకున్నట్టు కూడా లేదు. మర్నాడు ఆదివారం నన్ను రమ్మని కబురు పెట్టారు. మొదటి బస్సులో వెళ్ళాను. వాకిట్లో టాక్సీ ఆగి ఉంది. ఆ ఇంటి ముందు కారు ఆగడం అదే మొదలు. పులుసు పొయ్యి మీంచి అప్పుడే దించి సుభద్రమ్మ గారు పెద్ద స్టీలు క్యారేజీలో సర్దుతున్నారు. దాన్ని తువ్వాలులో చుట్టి నా ఒళ్ళో పెట్టారు. గూడెంలో ఎస్.ఈ. గారి ఇల్లు చూపించాల్సింది నేను.

కారు వంతెన మీదికెక్కింది. ఆయన కిటికీలోంచి కిందికి, పాయలోకి చూస్తూ కూర్చున్నారు. ఇవతలికి దిగాక నావైపు తిరిగి, "వేడిగా ఉందేమోనమ్మా, ఇబ్బందేమైనా ఉందా?" అన్నారు.

"అబ్బే, ఏం లేదండి" అన్నాను.

ఆయన నవ్వుతూ నన్నే చూస్తున్నారు.

"కాలిపోతోందండి" అన్నాను. పైపంచె తీసి మడత పెట్టి క్యారేజీ కింద వేశారు.

ఎస్.ఈ. గారు గుమ్మంలోకొచ్చి మమ్మల్ని చూసి నిలబడిపోయారు. సమితి గారే విస్తరి వేశారు, ఆయనే మూత తీశారు. ఆవిరి గుప్పుమని పైకి లేచింది. "ఇంకా పొగలొస్తున్నాయేంటండీ? నడిమిలంక నుంచి తెచ్చారా?" అన్నారు ఎస్.ఈ. గారు.

"వంతెన ఉంది కదండీ" అన్నారు సమితి గారు.

ఎస్.ఈ. గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, తలెత్తారు. "ఉప్పు కాస్త ఎక్కువైందండి వెంకటరత్నం గారూ." సమితి గారు పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పద్మ ఇప్పుడు అదే హైస్కూల్లో లెక్కల టీచరు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ తనిఖీకి వానల్లోనే, కబురు పెట్టకుండా వెళ్ళాను. పని చూడందే మెతుకు ముట్టలేదు. తినని మేడం అని వెనకాల పేరు పెట్టారు. మొహమాటం పూర్తిగా పోయిందని చెప్పలేను. ఇప్పటికీ ఎవరైనా పెద్దవాళ్ళు ఎదురుగా కూర్చుని అంతా బాగానే ఉందా అని అడిగితే, అబ్బే ఏం లేదండి అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు ఒళ్ళో ఆ క్యారేజీ వేడి తగులుతుంది. కాలిపోతోందండి, అంటాను.